కీళ్లవాతము: ఏ మందు, ఎవరికి, ఎంతకాలము?

కీళ్లనొప్పులు లేని గ్రామము లేదు. నడుము వంచి నాట్లు వేయువారికి, బస్తాలు మోయువారికి, ఏండ్ల తరబడి బిందెలతో నీరు తెచ్చిన స్త్రీలకు నడుమును మోకాళ్లును నొప్పి పెట్టుట సహజము. అందుచేతనే కీళ్లనొప్పి యనగానే మన గ్రామములలో ఎవ్వరును దానిని పెద్ద జబ్బుగా నెంచరు. తైలము రాసుకొందురు, కాపడము పెట్టుకొందురు, తాళలేనప్పుడు దుకాణములో బిళ్ల కొని మ్రింగుదురు. చాలమంది విషయములో ఇంతటితో జరిగిపోవును.

కాని కొందరి నొప్పి వేరు జాతికి చెందినది. దానిని సకాలములో గుర్తింపనిచో కొద్ది సంవత్సరములలోనే చేతివ్రేళ్లు వంకరలు పోయి, కొడవలి పట్టిన చేయి అన్నము ముద్ద నెత్తుటకైనను పనికిరాకుండ పోవచ్చును. సకాలములో గుర్తించి తగిన చికిత్స చేసినచో ఆ చేయి చాలవరకు ఎప్పటివలెనే పనిచేయును. ఈ రెంటికి నడుమనున్న భేదమంతయు చికిత్సను గూర్చి ఎవరు, ఎప్పుడు, ఏ నిర్ణయము చేసిరి అనుదానిపై ఆధారపడియున్నది. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును కొంత తెలిసికొనియుండుట గ్రామమునకు మేలు.

నొప్పులన్నియు ఒకటి కావు

వయస్సు వలనను, శ్రమ వలనను కీళ్లు అరిగి కలుగు నొప్పి సాయంకాలమునకు హెచ్చును. విశ్రాంతి తీసికొన్న తగ్గును. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని వైద్యులు పిలుచు కీళ్లవాతము దీనికి విరుద్ధముగా నుండును. ఇందు నొప్పియు బిగువును ఉదయముననే ఎక్కువ. నిద్రలేచిన తరువాత గంటసేపైనను పిడికిలి ముడుచుకొనదు. చేతివ్రేళ్ల మొదళ్లు, మణికట్లు, పాదముల వ్రేళ్లు రెండు ప్రక్కలను వాచియుండును. కొంత పని చేసిన పిమ్మట బిగువు సడలును. పురుషులకంటె స్త్రీలలో ఈ వ్యాధి రెండు మూడు రెట్లు అధికము. అదియు తరచు సంసారభారము మీదపడిన నడివయస్సులో.

ఇది అరుదైన వ్యాధి కాదు. ఢిల్లీ సమీపమున గ్రామములలో ఇంటింటికి తిరిగి జరిపిన పరిశీలన ఫలితములు 1993లో ప్రచురింపబడినవి. ఆ లెక్క ప్రకారము పెద్దవారిలో నూటికి 0.75 మందికి ఈ వ్యాధి కలదు. మూడువేలమంది పెద్దలున్న పంచాయతీలో ఇరువదిమందికి పైగా ఉందురన్నమాట. వారిలో ఎందరు తగిన చికిత్స పొందుచున్నారో సభ్యులే యోచింపవలెను.

ఇతర వ్యాధులు కొన్ని దీనిని పోలియుండి తికమక పెట్టును. చికున్ గున్యా జ్వరము 2005 చివరను, 2006లోను మన ప్రాంతమున వ్యాపించినప్పుడు అనేకులకు జ్వరము తగ్గిన పిదపగూడ నెలల తరబడి కీళ్లవాపులు నిలిచినవి. నీటిలో ఫ్లోరైడు అధికముగా నున్న నల్లగొండ, ప్రకాశము జిల్లాల గ్రామములలో వెన్నెముక బిగుసుకుపోవుటకు ఆ నీరే కారణము కావచ్చును. మన దేశమున ఈ వ్యాధిని మొట్టమొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. అట్టివారికి కావలసినది మంచినీరు గాని కీళ్లవాతపు మందు కాదు. పిల్లలకు గొంతునొప్పి తరువాత వచ్చు కీళ్లజ్వరము మరియొకటి. అది గుండె కవాటములను చెడగొట్టును. దానికి మూడు నాలుగు వారములకొకమారు పెన్సిలిన్ సూదిమందు ఏండ్ల తరబడి ఇయ్యవలసియుండును. ఈ రెండు వ్యాధుల పేర్లును ఇంగ్లీషులో దగ్గరగా నుండుటచేత కీళ్లవాతమున్న పెద్దవారికి పెన్సిలిన్ సూదులు పొడుచుచు విలువైన నెలలు వ్యర్థము చేయుటయు జరుగుచున్నది.

కంచె చేను మేసినట్లు

మన శరీరమునందు రోగక్రిములను ఎదిరించు రక్షణ శక్తి యొకటి కలదు. అది పరాయివానిని, తనవానిని వేరుపరచి గుర్తింపగలదు. ఏ కారణము చేతనో ఆ గుర్తింపు చెడి, రక్షణ శక్తి తన శరీరముపైననే తిరుగబడినప్పుడు కంచె చేను మేసినట్లగును. కీళ్లలోని పలుచని పొరపై తిరుగబడిన కీళ్లవాతము. చర్మము, మూత్రపిండములు, రక్తము, మెదడు మొదలైన అనేక అవయవములపై తిరుగబడిన లూపస్ అను వ్యాధి. ఈ జాతి వ్యాధులు మరికొన్ని కలవు. ఇవి అంటువ్యాధులు కావు. పూర్వజన్మ పాపములు కావు. ఒకరిని తాకినందువలన మరియొకరికి రావు. వంశమున కొంత అనుకూలత ఉండవచ్చును. బీడీ, చుట్ట, సిగరెట్టు త్రాగువారికి కీళ్లవాతము వచ్చు అవకాశము హెచ్చు. వచ్చిన పిదప మందు సరిగా పనిచేయదు.

కంచెయే చేను మేయుచున్నప్పుడు రైతు ఏమి చేయును? కంచెను పూర్తిగా పీకివేసినచో ఊరి పశువులన్నియు చేనిలో పడును. పీకకున్నచో చేను దక్కదు. చికిత్సలోని చిక్కంతయు ఇదియే. రక్షణ శక్తిని అణచినకొలదిని వ్యాధి తగ్గును. కాని క్షయ మొదలైన అంటురోగములు చొరబడుటకు దారి ఏర్పడును. ఎంతవరకు అణచవలెను, ఎవరికి ఏ మందుతో అణచవలెను అనునదే నిపుణులు ప్రతి రోగి విషయమునను తేల్చుకొనవలసిన ప్రశ్న.

మందుల చరిత్రలో మనవాడు

ఈ వ్యాధికి నూరేండ్ల క్రిందట చెప్పుకోదగిన మందు లేదు. 1929లో ఫ్రెంచి వైద్యుడు ఫారెస్టియర్ బంగారపు లవణములతో చేసిన చికిత్సను ప్రకటించెను. 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కార్టిజోన్ అను స్టిరాయిడు మందును మంచము పట్టిన రోగికి ఇయ్యగా కొద్ది దినములలోనే ఆ రోగి లేచి నడిచెను. ప్రపంచము ఆశ్చర్యపడెను. 1950లో హెంచ్ కును, ఆయనతోపాటు కెండాల్, రైక్ స్టైన్ అను శాస్త్రజ్ఞులకును నోబెల్ బహుమానము లభించెను. కాని త్వరలోనే ఆ మందు రెండవ ముఖము బయటపడెను. ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలము వాడినవారికి ముఖము ఉబ్బుట, రక్తములో చక్కెర పెరుగుట, ఎముకలు గుల్లబారుట, అంటురోగములు సోకుట కనబడినవి.

నేడు కీళ్లవాతమునకు ప్రపంచమంతట మొదట నిచ్చు మందు మెథోట్రెక్సేట్. దీని వెనుక ఒక తెలుగువాని కృషి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికాకు వెళ్లి, తరువాత లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఆయన ఆధ్వర్యమున ఫోలిక్ ఆమ్లమును, దానికి ప్రతికూలముగా పనిచేయు మందులను తయారుచేసిరి. వానిలో అమినోప్టెరిన్ అను దానిని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు కాన్సరుగల పిల్లలపై ప్రయోగించి 1948లో ఫలితములు ప్రకటించెను. 1951లో అదే మందును కీళ్లవాతమునకు వాడి చూచిరి. దాని సోదరి మెథోట్రెక్సేట్ తక్కువ మోతాదులో కీళ్లవాతమునకు పనిచేయునని 1980-90 సంవత్సరముల నడుమ జరిగిన పరీక్షలలో రూఢిపడెను. 1988లో అమెరికా ప్రభుత్వము ఈ వాడుకకు అనుమతించెను. సుబ్బారావుగారు 1948లోనే మరణించిరి. తమ మందు ఇన్ని కీళ్లను కాపాడునని వారు చూడలేదు.

నిర్ణయమునకు మూడు మెట్లు

చికిత్స ఆరంభించుటకు ముందు నిపుణుడు మూడు సంగతులు తేల్చుకొనును.

మొదటిది, ఇది నిజముగా ఆ వ్యాధియేనా? చాలమంది రక్తపరీక్ష కాగితము చూచి వ్యాధి ఉన్నదని భయపడుదురు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అను పరీక్ష వ్యాధి లేనివారిలో కొందరికిని, క్షయ, కుష్ఠు మొదలైన రోగములున్న వారికిని ఉన్నట్లు చూపవచ్చును. వ్యాధి ఉన్నవారిలో కొందరికి లేనట్లును చూపవచ్చును. యాంటీ సి.సి.పి. అను పరీక్ష దీనికంటె నమ్మదగినది. ఏ పరీక్షయైనను వైద్యుడు కీళ్లను తాకి చూచినదానికి తోడుగా నిలుచునే గాని దాని స్థానమును ఆక్రమింపదు. వాపు లేనివానికి కాగితము చూచి మందు నిచ్చుట తప్పు; వాపు ఉన్నవానికి కాగితము బాగున్నదని మందు నిరాకరించుటయు తప్పే.

రెండవది, వ్యాధి ఎంత తీవ్రముగా నున్నది? చేతులు, భుజములు, మోకాళ్లు మున్నగు 28 కీళ్లను పరీక్షించి ఎన్ని వాచినవో, ఎన్ని నొక్కిన నొప్పి పెట్టుచున్నవో లెక్కింతురు. రక్తములో మంటను సూచించు పరీక్షను, రోగి తన బాధకు తానిచ్చు మార్కును దానికి కలిపి ఒక సంఖ్య కట్టుదురు. ఈ సంఖ్యను తగ్గించుటయే గురి. వ్యాధి ఉధృతముగా నున్నంతకాలము ఒకటి మూడు నెలల కొకమారు చూచుచు, మూడు నెలలలో మెరుగు కానరాకున్నను, ఆరు నెలలలో గురి చేరకున్నను మందు మార్చుటయో, మరియొకటి చేర్చుటయో చేయుదురు. నొప్పి కొంత తగ్గినదిగదా యని వాపును అట్లే వదలినచో లోపల ఎముక తరిగిపోవుచునే యుండును.

మూడవది, ఈ శరీరములో ఇంకను ఏమేమి కలవు? క్షయ, కాలేయపు జబ్బు, మూత్రపిండముల బలహీనత, మధుమేహము, గర్భము, మద్యపానము – వీనిలో ఏ యొక్కటి ఉన్నను నిర్ణయము మారును. అందుచేతనే పొరుగింటివానికి పనిచేసిన మందు మనకు పనిచేయకపోవచ్చును, కీడును చేయవచ్చును.

చిక్కైన సందర్భములు

ఒకటి: లోపల దాగిన క్షయ. మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అను మందులకు లొంగని వ్యాధికి 1998 నుండి వాడుకలోనికి వచ్చిన జీవసంబంధమైన సూదిమందులు కలవు. అవి వాపు కలిగించు ఒక పదార్థమును కట్టివేయును. కాని అదే పదార్థము ఊపిరితిత్తులలో దాగియున్న క్షయక్రిముల చుట్టు గోడ కట్టి నిలుపుచుండును. గోడ కూలినచో నిదురించు క్షయ మేల్కొనును. ఈ అపాయము 2001లో స్పష్టముగా వెల్లడియైనది. క్షయ విస్తారముగా నున్న మన దేశములో ఈ సూదిమందులకు ముందు ఛాతీ ఎక్స్ రే, క్షయ పరీక్ష తప్పనిసరి. దాగిన క్షయ కనబడినచో దానికి నివారణ మందు మొదలుపెట్టి, సాధారణముగా ఒక నెలయైన గడచిన పిమ్మటనే సూదిమందు నిత్తురు. ఆ నెలరోజులు నొప్పితో నున్న రోగికి "ఆలస్యమెందుకు?" అని అనిపించును. ఆ ఆలస్యమే ప్రాణరక్షణ.

రెండు: బిడ్డను కోరు యువతి. మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ అను మందులు గర్భములోని శిశువునకు హాని చేయును. మెథోట్రెక్సేట్ ను గర్భమునకు ఒకటి మూడు నెలల ముందే మానవలెను. లెఫ్లునమైడ్ శరీరములో చాలకాలము నిలుచును గావున దానిని బయటికి పంపుటకు వేరొక మందు నీయవలసియుండును. అయితే మందులన్నియు మానివేయుటయు మంచిది కాదు. వ్యాధి పెరిగినచో తల్లికిని బిడ్డకును కష్టము. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, కొద్ది మోతాదు స్టిరాయిడు గర్భిణులకు ఈయదగినవి. లూపస్ ఉన్న స్త్రీ వ్యాధి కనీసము ఆరు నెలలు అణగియుండినప్పుడే గర్భము ధరించుట క్షేమము. కావున పెండ్లి, కాన్పు విషయములు వైద్యునితో దాచరాదు. కోడలి జబ్బు బయటపడునను భయముతో అత్తవారింట మందు దాచుకొని, మానుకొని, మూత్రపిండములు పోగొట్టుకొనుటకంటె దుఃఖము లేదు.

మూడు: లూపస్ రోగికి జ్వరము. ఇది నిపుణులను గూడ తడబరచు ఘట్టము. రక్షణ శక్తిని అణచు మందులు వాడుచున్న స్త్రీకి జ్వరము వచ్చినది. వ్యాధి తిరుగబడిన జ్వరమైనచో స్టిరాయిడు పెంచవలెను. క్రిములు సోకిన జ్వరమైనచో అణచు మందులు తగ్గించి, క్రిములను చంపు మందు వెంటనే ఇయ్యవలెను. ఒకదానికి చేయవలసినది మరియొకదానికి విషము. రక్తకణముల లెక్క, సి.ఆర్.పి., కాంప్లిమెంట్ పరీక్షలు, రక్తమును మూత్రమును పెంచి చూచు పరీక్షలు కలిపి నిపుణుడు నిర్ణయించును. ఏ ఒక్క పరీక్షయు తనంత తాను తీర్పు చెప్పదు. ఇట్టి రోగికి జ్వరము వచ్చినప్పుడు ఊరిలో సూది పొడిపించి రెండు దినములు వేచియుండరాదు. అదేదినమున పెద్ద ఆస్పత్రికి చేర్చవలెను.

నాలుగు: మూత్రపిండములపై దాడి. లూపస్ లో మూత్రము నురుగు కట్టుట, పాదములు, కనురెప్పలు వాచుట మూత్రపిండములకు సోకిన గుర్తు. కొందరికి ఏ బాధయు లేకుండగనే సోకును. మూత్రపరీక్షలో మాత్రమే తెలియును. అప్పుడు సూదితో మూత్రపిండపు చిన్న ముక్కను తీసి పరీక్షింతురు. దీనికి కుటుంబములు భయపడుట సహజము. కాని ఆ పరీక్షలో తేలిన రకమును బట్టియే మందు మారును. స్టిరాయిడుతో మైకోఫినొలేట్ బిళ్లలో, సైక్లోఫాస్ఫమైడ్ సూదిమందో చేర్చుదురు. రెండవది ఎక్కువ మోతాదులో స్త్రీలకు సంతానశక్తిని పోగొట్టగలదు. అందువలన రెండు వారములకొకమారు 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరుమారులు మాత్రమే ఇచ్చు పద్ధతి ఏర్పడినది. మొదటిది గర్భములోని శిశువునకు హానికరము. రోగి వయస్సు, బిడ్డలు కావలెనను కోరిక, నెలనెల ఆస్పత్రికి రాగల శక్తి, మందు వెల – ఇవన్నియు విచారించి, రోగితోను ఇంటివారితోను మాటాడి నిర్ణయింతురు. ఇక్కడ రోగి మాటకు విలువ కలదు.

ఐదు: బాగుపడినవాడు. వాపులు తగ్గి పనికి పోగలిగిన రోగి "ఇంక మందెందుకు?" అనుకొనును. చాలమంది ఇక్కడనే జారుదురు. వ్యాధి అణగినది గాని పోలేదు. నెలల తరబడి అణగియుండిన పిమ్మట ముందు స్టిరాయిడును, తరువాత ఇతరములను మెల్లగా తగ్గించి చూచు పద్ధతి కలదు. అది వైద్యుని కన్నుల యెదుట జరుగవలెను. ఒక్కమారుగా మానినవారిలో ఎక్కువమందికి వ్యాధి తిరిగివచ్చును.

వారమునకు ఒక్కమారు

మెథోట్రెక్సేట్ వారమునకు ఒక్కమారు మాత్రమే తీసికొనవలసిన మందు. దినదినము మ్రింగినచో నోరు పుండ్లు పడి, రక్తకణములు పడిపోయి, ప్రాణమే పోవచ్చును. ఈ ప్రమాదము చదువురాని ఇండ్లలోనే కాక చదువుకొన్న ఇండ్లలోను జరుగుచున్నది. దీనితో ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు బిళ్లయు తరచు ఇదే రంగులో, ఇదే పరిమాణములో నుండుట మరియొక చిక్కు. కావున ఆ మందునకు ఒక వారమును గురుతు పెట్టుకొనవలెను. ఊరి సంత ఏ దినమో ఆ దినమే మెథోట్రెక్సేట్ దినమని నిర్ణయించుకొన్న ఎవ్వరును మరువరు. మందు వేరు డబ్బాలో పెట్టి ఇంటిలో మరియొకరికి అప్పగించుట మేలు. నోటిలో పుండ్లు, జ్వరము, ఆగని దగ్గు, ఆయాసము కనబడినచో మందు నిలిపి వైద్యుని చూడవలెను. మద్యము మానవలెను. మొదట తరచుగను, పిదప మూడు నెలలకొకమారును రక్తకణములు, కాలేయము, మూత్రపిండముల పరీక్షలు చేయింపవలెను. ఈ మందు పూర్తిగా పనిచేయుటకు ఆరు నుండి పండ్రెండు వారములు పట్టును. పది దినములలో గుణము లేదని మానరాదు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడువారు దినమునకు శరీరపు బరువులో కిలో ఒక్కంటికి 5 మిల్లీగ్రాములు మించరాదు. మొదట ఒకమారు, ఐదు సంవత్సరముల పిమ్మట ఏటేట కంటిపరీక్ష చేయించుకొనవలెను.

పేరులేని పొట్లములు

రాత్రికి రాత్రి నొప్పి మాయమగు పొడులు, బిళ్లలు, సూదులు సంతలలోను, ఇంటింటికిని వచ్చుచుండును. వీనిలో కొన్నింటియందు చెప్పకుండ స్టిరాయిడు కలిపియుండుట తరచు బయటపడినది. మొదట సంజీవనివలె కనబడును. కొన్ని నెలలకు ముఖము చంద్రునివలె గుండ్రమగును, కాళ్లు సన్నబడును, చక్కెర, రక్తపుపోటు పెరుగును, చిన్న జారుపాటునకే ఎముక విరుగును. అంతలో కీళ్లు లోలోపల చెడుచునే యుండును.

ఇందు మరియొక అపాయము కలదు. చాలకాలము స్టిరాయిడు వాడినవారి శరీరము తన సొంత స్టిరాయిడును తయారుచేయుట మానుకొనును. అట్టివారు పొడి విషమని తెలిసి ఒక్కసారిగా మానినచో వాంతులు, నీరసము, రక్తపుపోటు పడిపోవుట కలిగి ప్రాణాపాయము రావచ్చును. "అది పారవేయి" అని మాత్రము చెప్పరాదు. "ఆ పొట్లముతో సహా వైద్యుని యొద్దకు పొమ్ము" అని చెప్పవలెను. మెల్లగా తగ్గించు బాధ్యత వైద్యునిది. నొప్పిబిళ్లలును అట్లే, దినదినము మ్రింగినచో కడుపులో పుండును, మూత్రపిండములకు కీడును కలిగించును, వ్యాధిని మాత్రము ఆపవు.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1. ఆరు వారములకు మించి చేతివ్రేళ్లు వాచియున్నవారిని, ఉదయము గంటసేపు చేతులు బిగుసుకుపోవువారిని, ముఖముపై ఎఱ్ఱని దద్దు, జుట్టు రాలుట, నోటిపుండ్లు, కీళ్లనొప్పులు కలిసియున్న యువతులను ఆశా కార్యకర్తల ద్వారా గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపింపవలెను. కీళ్లవాపు మొదలైన తొలి మూడు నెలలలో చికిత్స ఆరంభించుట అత్యుత్తమము.

2. ఆరోగ్య కేంద్రపు వైద్యుడు సూచించినప్పుడు జిల్లా ఆస్పత్రికో, కీళ్లవాత నిపుణులున్న బోధనాస్పత్రికో పంపుటలో తోడ్పడవలెను. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో ఈ వ్యాధులకు ప్రత్యేక విభాగము కలదు. ఆరోగ్యబీమా పథకములలో ఏ చికిత్సకు సహాయము లభించునో ముందుగానే విచారించి చెప్పవలెను.

3. ప్రతి రోగియు పాత చీటీలను, పరీక్ష కాగితములను, ఎక్స్ రేలను ఒక్క సంచిలో భద్రపరచుకొనునట్లు చూడవలెను. చిక్కైన కేసులలో నిపుణుడు మొదట అడుగునది ఆ సంచినే.

4. నిపుణుడు వ్రాసిన రక్త, మూత్ర పరీక్షలలో దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలో ఏవి జరుగునో తెలిసికొని చెప్పవలెను. ప్రతిమారు పట్టణమునకు పోయి ఒక దినపు కూలి పోగొట్టుకొనుటచేతనే అనేకులు పరీక్షలను, ఆపై మందును మానివేయుచున్నారు.

5. అవయవములు వంకరపోయినవారికి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ధ్రువపత్రము పొందుటలో సహాయపడవలెను. వైకల్యము 40 శాతమునకు తగ్గకున్న చట్టములోని ప్రయోజనములకు అర్హత కలుగును.

6. గ్రామపు త్రాగునీటిలో ఫ్లోరైడును పరీక్ష చేయింపవలెను. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగరాదు.

7. పేరులేని పొడులు అమ్మువారిని గూర్చి మందుల తనిఖీ అధికారులకు తెలియజేయవలెను.

గ్రామమునకు రోడ్డు వేయుట, దీపము పెట్టుట కంటికి కనబడు పనులు. ఒక రైతుకూలీ చేతివ్రేళ్లు వంకరపోకుండ కాపాడుట కనబడని పని. కాని ఆ వ్రేళ్లు నిలిచినచో ఒక సంసారము నిలుచును; ఆ ఇంటి ఆడపిల్ల బడి మాని తల్లికి వండిపెట్టవలసిన అగత్యము తప్పును. మందును నిర్ణయించునది వైద్యుడు. ఆ నిర్ణయము సకాలములో జరుగునట్లును, జరిగిన నిర్ణయము ఇంటిలో నడచునట్లును చూడగలవారు గ్రామపెద్దలు. వచ్చు పంచాయతీ సమావేశమున ఆశా కార్యకర్తను పిలిచి, మన ఊరిలో చేతులు వాచినవారెందరు అని ఒక్క ప్రశ్న వేయుటతో ఈ పని ఆరంభమగును.